అక్వేరియం నీళ్లు: పీహెచ్ అంకె కంటే ముందు చూసుకోవలసినవి

నెలల తరబడి హుషారుగా తిరిగిన చేపలు, తొట్టిని శుభ్రంగా కడిగి కొత్త నీళ్లు పోసిన రెండు రోజులకే చనిపోయాయన్న మాట చేపలు పెంచేవారి ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. నీళ్లు బాగోలేదనో, దుకాణంలో జబ్బు చేపలు ఇచ్చారనో అనుకుంటారు గానీ, చాలాసార్లు తొట్టితో పాటు అందులోని మేలు చేసే బాక్టీరియాను కూడా కడిగేయడమే అసలు కారణం.

చేప తన మొప్పల ద్వారా నీటిలోకి అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది; తినగా మిగిలిన మేత, రెట్ట కుళ్లి దానికి తోడవుతాయి. ఫిల్టర్ స్పాంజి మీద, గులకరాళ్ల మీద పెరిగే ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గానూ, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి రెండూ కొద్ది మోతాదులోనే చేపలకు విషం. నైట్రేట్‌ను మాత్రం 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) లోపు ఉన్నంతవరకు చాలా చేపలు తట్టుకుంటాయి. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది కనుక, తొట్టి కొన్న రోజునే చేపలను కూడా కొనుక్కు రావడం మంచిది కాదు.

ముందుగా తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో లెక్క కట్టాలి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 57 లీటర్లు పడతాయి. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా 50 లీటర్లు అనుకుందాం. చేపలు లేకుండానే బాక్టీరియాను పెంచాలంటే 2 పీపీఎం అమ్మోనియా చాలు. అందుకు 50 లీటర్లకు 0.3 గ్రాముల స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ కావాలి. ఇంట్లోని కాటాకు అంత తక్కువ బరువు అందదు కాబట్టి, 3 గ్రాములను నీటిలో కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేలా చేసి, అందులోంచి 10 మిల్లీలీటర్లు పోయాలి. కళాయి పూసేవారు వాడే నవాసారం కూడా ఇదే పదార్థం అయినా, అందులో ఏ మలినాలు ఉంటాయో చెప్పలేము గనుక వాడకండి. ఫిల్టర్‌ను ఆపకుండా నడిపిస్తూ, పోసిన అమ్మోనియా తగ్గిపోయినప్పుడల్లా మళ్లీ అంతే పోస్తూ ఉండాలి. పోసిన 24 గంటలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగినప్పుడు, పేరుకున్న నైట్రేట్ పోయేలా నీటిలో చాలా భాగం మార్చి, నాలుగైదు చిన్న చేపలతో మొదలుపెట్టవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే ఈ వారాల నిరీక్షణ బాగా తగ్గుతుంది.

ఇక పోసే నీటి సంగతి. కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను, చేపల మొప్పలను రెండింటినీ దెబ్బతీస్తుంది. వెడల్పాటి బకెట్‌లో ఎయిర్ పంపు వేసి ఒక రోజు ఉంచితే అది పోతుంది; లేదా అక్వేరియం దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్‌ను సీసా మీద రాసిన మోతాదులో కలపవచ్చు. అమెరికాలో ఉన్నవారు మాత్రం ఒక విషయం గమనించాలి: అక్కడి చాలా నగరాల్లో క్లోరిన్ బదులు క్లోరమైన్ అనే మందు వాడతారు, అది నిల్వ ఉంచినంత మాత్రాన పోదు.

బోరు నీళ్లయితే తోడిన వెంటనే పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, చూడకూడదు. భూమిలోంచి వచ్చిన నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వల్ల అంకె తక్కువగా కనిపించి, ఒక రోజు గాలి తగిలాక పైకి పోతుంది. బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి, అయితే గప్పీలకు, మాలీలకు అదే నచ్చుతుంది; నియాన్ టెట్రాలు కావాలనుకున్నప్పుడే ఇబ్బంది. మన నీటికి తగిన చేపను ఎంచుకోవడం చేపకు తగినట్టు నీటిని మార్చడం కంటే ఎంతో సులువు.

కఠినమైన నీటికి భయపడి కొందరు మొత్తం ఆర్వో నీళ్లే పోస్తారు, అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. పీహెచ్‌ను నిలకడగా ఉంచేది కేహెచ్, అంటే నీటిలోని కార్బనేట్, బైకార్బనేట్‌ల మోతాదు. దీన్ని కూడా డిగ్రీల్లోనే కొలుస్తారు. బాక్టీరియా అమ్మోనియాను మార్చే క్రమంలో ఈ కేహెచ్‌ను ఖర్చు చేస్తూ పోతుంది. ఆర్వో నీటిలో అది దాదాపు ఉండదు కాబట్టి కొన్ని వారాల్లో పీహెచ్ 6 కిందికి జారి, బాక్టీరియా మందగించి, అమ్మోనియా పేరుకుపోతుంది. అయినా చేపలు బతికే ఉంటాయి, ఎందుకంటే ఆమ్ల నీటిలో అది దాదాపు పూర్తిగా అమ్మోనియం రూపంలో, పెద్దగా హాని చేయకుండా ఉంటుంది. ఇంతలో నీళ్లు పాతబడ్డాయని ఎవరో సగం తోడేసి, పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు పోస్తారు. పీహెచ్ పెరిగేకొద్దీ ఆ అమ్మోనియం మళ్లీ విషపు అమ్మోనియాగా మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7లో విషరూపంలో ఉండే అమ్మోనియా వందలో ఒక వంతు కంటే తక్కువ, పీహెచ్ 8లో అది 5 వంతులు దాటుతుంది. చంపింది కొత్త నీళ్లేనని ఇంట్లోవారు నమ్ముతారు. ఇలాంటి పాత తొట్టిలో రోజుకు పదో వంతు మాత్రమే మారుస్తూ, రోజూ అమ్మోనియా చూస్తూ రావాలి. కేహెచ్ 4 డిగ్రీల కంటే తక్కువ ఉంటే ఆర్వో నీటిలో బోరు నీళ్లు కలపండి, లేదా 50 లీటర్లకు 1.5 గ్రాముల వంటసోడా కరిగించి పోయండి. అది దాదాపు ఒక డిగ్రీ పెంచుతుంది, రోజుకు అంతకు మించి వద్దు. పీహెచ్ తగ్గించే మందుల జోలికి మాత్రం పోవద్దని నా సలహా. కేహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో అంకె పడి మళ్లీ లేస్తుంది, ఆ ఊగిసలాటకే చేపలు నీరసిస్తాయి.

నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపే టీడీఎస్ మీటర్ ఇవేవీ చెప్పదు. మందు చుక్కలు వేసి చూసే పరీక్ష కిట్లు కొనుక్కోవాలి. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాను అర నిమిషం గట్టిగా ఊపకపోతే అడుగున పేరుకున్న మందు కలవక, ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. భీమవరం వైపు రొయ్యల రైతులు పీహెచ్‌ను ఉదయం, సాయంత్రం వేరువేరుగా చూడటానికి కారణం ఉంది, పగలు నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం వల్ల అంకె పెరుగుతుంది. మొక్కలున్న తొట్టిలోనూ అదే జరుగుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకే వేళకు పరీక్షించాలి.

వారానికి పావు వంతు నీళ్లు మార్చి, స్పాంజిని అలా తీసిన తొట్టి నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కాదు. నైట్రైట్ కనిపిస్తే మేత ఆపి, కొంత నీరు మార్చి, 50 లీటర్లకు 5 గ్రాముల ఉప్పు కరిగించి పోస్తే, అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి రక్తంలోకి పోనివ్వకుండా అడ్డుకుంటుంది.

వేసవిలో వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, పైగా కరెంటు కోతలుంటాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. మూత ఉన్న డబ్బా ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే లోపలి బాక్టీరియా ఊపిరాడక చచ్చి కుళ్లుతుంది, కాబట్టి కరెంటు రాగానే స్విచ్ వేయకుండా, ముందు ఆ డబ్బాలోని నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలో ఒకసారి జాడించి అప్పుడు నడపండి.