చిన్న బోర్డు మీద రెండు వైఫై యాంటెనాలు కలహించుకుంటుంటే

అరచేతిలో పట్టే బోర్డు మీద రెండు 2.4 గిగాహెర్ట్జ్ యాంటెనాలు పెడితే ఒకదాని సిగ్నల్ రెండోది మింగేస్తుంది. కొత్త బోర్డు ఆర్డర్ చేసే ముందు, రెండు పొరల నమూనా బోర్డు మీద ఇది చేసి చూడండి.

చిప్‌ వైపు కనెక్షన్ విడదీసి, రెండు ఫీడ్ పాయింట్లకూ (యాంటెనాకు సిగ్నల్ అందే చోట్లు) 50 ఓమ్‌ల కోయాక్స్ కేబుల్ ముక్కలు సోల్డర్ చేసి, వీఎన్‌ఏ (వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ అనే కొలత పరికరం)లో ఎస్21 చూడండి, అంటే ఒక యాంటెనా నుంచి రెండోదానిలోకి ఎంత సిగ్నల్ చేరుతోందో. 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే వీఎన్‌ఏనే కావాలి. -8 డీబీ దగ్గరుంటే, రెండు యాంటెనాల మధ్య, బోర్డు అంచు నుంచి లోపలికి గ్రౌండ్ రాగిలో 1 మి.మీ. వెడల్పు చీలిక కోయండి, రెండు పొరల్లోనూ. మొదట 18 మి.మీ. చాలు. తర్వాత ఒక్కో మిల్లీమీటరు పెంచుతూ పోతే ఎస్21 గీతలోని గుంట తక్కువ ఫ్రీక్వెన్సీ వైపు జరుగుతూ వస్తుంది, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరికి రాగానే ఆపేయండి. అక్కడ ఎస్21 -15 డీబీ కంటే దిగితే బాగున్నట్టే. ఎక్కువ కోసేస్తే రాగి టేపు అతికించి సోల్డర్ చేయొచ్చు (టేపు జిగురును మాత్రం నమ్మకండి).

చీలిక వల్ల యాంటెనాల మ్యాచింగ్ కూడా కదులుతుంది, ఎస్11, ఎస్22 (ఒక్కో యాంటెనా నుంచి వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్) మళ్లీ సరిచేయాలి. బ్యాటరీ, ప్లాస్టిక్ డబ్బా బిగించాకే చివరి కొలత.

చీలిక మీదుగా ఏ ట్రేస్ (బోర్డు మీది రాగి దారి) దాటినా, ఆ ట్రేస్ రిటర్న్ కరెంటు (గ్రౌండ్ రాగిలో వెనక్కి వచ్చే కరెంటు) చీలిక చుట్టూ తిరిగొచ్చి చీలికే యాంటెనా అయి కూర్చుంటుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ఇదే చీలిక పనిచేయదు.