తక్కువ ధర ఎలక్ట్రిక్ గిటార్: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల) వైపు నుంచి నెక్ (గిటార్ మెడ) పొడవునా కన్ను సారించి చూడండి. నెక్ మెలి తిరిగి ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు, ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) సరిచేసేది వంపును మాత్రమే.

లావు తీగను 1వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర, నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టండి. 7వ ఫ్రెట్ మీద సుమారు 0.25 మి.మీ. సందు ఉండాలి. లేకపోతే ట్రస్ రాడ్‌ను మీ ఎదుటే పావు చుట్టు తిప్పించండి. బిగుసుకుపోయి కదలకపోతే కొనొద్దు.

ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) లేకుండా ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌లో మీటండి. 12వ ఫ్రెట్ దాటాక బెండ్ చేస్తే (తీగను పక్కకు లాగితే) స్వరం ఆగిపోతోందా? పై ఫ్రెట్లలో ఏదో ఎత్తుగా ఉంది.

12వ ఫ్రెట్‌లో హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం ట్యూనర్‌లో ఒకటే చూపాలి. తేడా ఉంటే శాడిల్ (బాడీ వైపు తీగ ఆనే చిన్న ముక్క) జరపొచ్చు, జరగడానికి చోటుంటేనే. తుప్పు తీగలతో ఈ పరీక్ష దండగ.

ఫ్లాయిడ్ రోజ్ తరహా బ్రిడ్జ్ (బాడీ మీద తీగలను పట్టి ఉంచుతూ, స్ప్రింగుల బలంతో కదిలే భాగం) మొదటి గిటార్‌కు వద్దు: ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి.

నాబ్ గరగరలకు భయపడకండి, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోతాయి.

వాయించేటప్పుడు ఆంప్ వాల్యూమ్ సున్నాకు తెచ్చాకే కేబుల్ పెట్టండి, తీయండి. ఆ టప్పుమనే దెబ్బ స్పీకర్‌కు మంచిది కాదు.