పచ్చళ్ల సైట్ లైవ్ పెట్టేముందు ఇవి చూస్కోండి

ముందు మీ ఫోన్‌లోనే వైఫై ఆపేసి పావుకిలో ఆవకాయ మీరే ఆర్డర్ పెట్టి చూడండి, యూపీఐలో డబ్బులు కట్ అయ్యి ఆర్డర్ పడకపోతే కస్టమర్‌కి ఏం కనిపిస్తుందో అక్కడే తెలిసిపోద్ది.

14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఫుడ్ లైసెన్స్) నంబర్ లేబుల్ మీద ఉందా? బరువు, ఎమ్మార్పీ, ఎప్పటిలోపు తినాలో కూడా రాయండి.

డెలివరీ ఛార్జీ ముందే చూపించండి బాబూ, చివర్లో 90 రూపాయలు కలిపితే ఎవరైనా పారిపోతారు.

కంప్లైంట్లు చూసే మనిషి పేరు, నంబర్ సైట్‌లో పెట్టాలి, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం కంప్లైంట్ అందిందని 48 గంటల్లో కస్టమర్‌కి చెప్పాలి కూడా.

ఇక ప్యాకింగ్. నా మొదటి గోంగూర పార్సిల్ అట్టపెట్టె అడుగంతా నూనె కారి అడ్రస్ కూడా చెరిగిపోయింది, అప్పట్నుంచి మూతకి టేపు, పైన రెండు కవర్లు, సీసాని తలకిందులు చేసి ఒక రాత్రి వదిలేసి పొద్దున చూశాకే పంపుతున్నా.