చర్చిల్‌కి విమానంలో వెళ్లేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కెనడాలో ఉంటూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ధ్రువపు ఎలుగుబంట్లను చూపిద్దామని అక్టోబరు, నవంబరుల్లో చర్చిల్‌కి టికెట్లు తీసుకునేవాళ్ల కోసం ఇది. మానిటోబా రాష్ట్రం ఉత్తరాన, హడ్సన్ బే అనే అఖాతం ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో వెయ్యిమంది కూడా ఉండరు. బయటి నుంచి రోడ్డు లేదు. రాష్ట్ర రాజధాని విన్నిపెగ్ నుంచి రైల్లో రెండు రాత్రులు పడుతుంది. 2017 మేలో వరదలకు ఆ రైలు కట్ట కొట్టుకుపోతే దాదాపు ఏడాదిన్నర ఊరికి రైలే లేదు. జనం రాకపోకలకు ఆ చిన్న విమానాశ్రయమే దిక్కయింది.

అన్నిటికంటే ముందు తిరుగు ప్రయాణం తేదీ చూసుకోండి, ఇక్కడ ఫ్లైట్లు ఆగిపోవచ్చు. రన్‌వే చిన్నదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం కట్టిన స్థావరం అది, రన్‌వే పొడవు సుమారు 2,800 మీటర్లు. అసలు చిక్కు గాలితోనే. బే మీది నుంచి వీచే గాలి నేలమీది మంచును లేపిందంటే ఎదురుగా ఏమీ కనిపించదు, విమానం దిగలేదు. పైగా ఎలుగుబంట్ల సీజన్‌లో సీట్లన్నీ ముందే నిండిపోతాయి కాబట్టి, ఒక ఫ్లైట్ రద్దయితే తర్వాతి దాంట్లో చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే చర్చిల్ నుంచి వచ్చిన రాత్రే హైదరాబాద్‌కి ఫ్లైట్ పెట్టుకోకండి. మధ్యలో కనీసం రెండు రోజులు వదలండి. వాతావరణం వల్ల ఫ్లైట్ ఆగితే మీకు మరో టికెట్ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే కానీ, హోటల్, భోజనం ఖర్చు మాత్రం మీదే.

పెద్దవాళ్ల మందులు చెక్-ఇన్ లగేజీలో అస్సలు వేయొద్దు. చిన్న విమానాల్లో బరువు ఎక్కువైతే కొన్ని సూట్‌కేసులు వెనక ఆగిపోవచ్చు. బీపీ, షుగర్ మందులు అనుకున్న రోజులకంటే నాలుగు రోజులకు ఎక్కువగా, చేతిసంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు. బయట తిరిగేటప్పుడు దాన్ని కోటు లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచాలి. పవర్ బ్యాంక్ కూడా చేతిసంచిలోనే. ఎలుగుబంట్లను తరిమే కారపు స్ప్రే కొని తీసుకెళ్దామనుకోకండి, విమానంలో అనుమతించరు. శాకాహారులైతే పులిహోర, చపాతీలు, పొడులు పట్టుకెళ్లండి, ఊళ్లో హోటళ్లు కొద్దే.

దిగాక ఏరోబ్రిడ్జ్ ఉండదు, రన్‌వే పక్కనుంచి నడిచే టెర్మినల్‌లోకి వెళ్లాలి. కాబట్టి కోటు, టోపీ, గ్లౌజులు విమానంలో ఉండగానే వేసుకోండి. అమ్మ చీర కట్టుకునే వస్తానంటే కింద ఉన్ని థర్మల్స్ వేయించి, పైన మోకాళ్లు దాటే కోటు తొడగండి. కాటన్ లోదుస్తులు చెమటకు తడిసి చలిని పెంచుతాయి. బూట్లలో రెండేసి మేజోళ్లు కుక్కొద్దు, కాలికి రక్తం సరిగ్గా ఆడాలి. మెట్టెలు బిగుతుగా ఉంటే తీసి దాచమనండి. వాళ్లకు కష్టంగానే ఉంటుంది, అయినా నచ్చజెప్పండి. గాలితో కలిపి చలి మైనస్ 28 దాటితే బయట ఉన్న చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టగలదు. ముక్కు, చెవులు పాలిపోయి మొద్దుబారితే రుద్దకండి. వెంటనే లోపలికి తీసుకెళ్లి, వెచ్చని అరచేతులతో కప్పి ఉంచండి.

విమానాశ్రయం ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊళ్లోకి వచ్చిన ఎలుగుబంట్లను పట్టి ఉంచే కేంద్రం కూడా ఆ దగ్గర్లోనే. ఫొటో కోసమని టెర్మినల్ దాటి నడవొద్దు, ముందే చెప్పి పెట్టుకున్న వ్యాన్ ఎక్కండి. సముద్రపు ఒడ్డున బండరాళ్ల వైపు గైడ్ లేకుండా పోవద్దు. ఎలుగుబంటి ఎదురైనప్పుడు ఎవరైనా దూరి తలదాచుకోవడానికి ఇక్కడివాళ్లు చాలామంది కార్లకు తాళాలు వేయరు. అది మీకు కూడా పనికొచ్చే సంగతి.

ఫ్లైట్ ఆగితే కౌంటర్ దగ్గర గొడవపడొద్దు. తీవ్రంగా జబ్బు చేసినవాళ్లు విన్నిపెగ్ ఆసుపత్రికి వెళ్లాలన్నా విమానమే ఆధారం. మీ ముందున్న మనిషి ఆపరేషన్ కోసం వెళ్తుండొచ్చు, వాళ్లకు ముందు సీటిస్తే సర్దుకోండి. తిరిగొచ్చే రోజు పొద్దున లేవగానే ఫ్లైట్ స్టేటస్ చూసుకుని, విమానం వస్తోందని ఖాయమయ్యాకే హోటల్ గది ఖాళీ చేయండి. సీజన్‌లో ఒకసారి వదిలిన గది మళ్లీ దొరకడం కష్టం.