‘మీట్’ ఒక్కటే సరిపోదు: ఇంగ్లీషులో మనుషుల్ని కలిసినప్పుడు వచ్చే చిక్కులు, పరిష్కారాలు

తెలుగులో ఈ విషయంలో మాటలకు కొదవ లేదు. కొత్తవాళ్లు పరిచయమవుతారు, పాత స్నేహితులు బజార్లో తారసపడతారు, ఒంట్లో బాగాలేని పెద్దమ్మను వెళ్లి చూసొస్తాం, మంత్రులు భేటీ అవుతారు, ఆదివారం అందరం కలుస్తాం. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మాత్రం అన్నిటికీ నోటికొచ్చేది ‘మీట్’ ఒక్కటే. వ్యాకరణం చాలావరకు సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఎవరూ దిద్దరు. అవతలివాళ్లు ఇంకోలా అర్థం చేసుకుని ఊరుకుంటారు, అంతే. ఆఫీసు కాల్స్‌లోనూ, అమెరికా, ఇంగ్లండ్ వెళ్లిన మనవాళ్ల మాటల్లోనూ తరచూ కనిపించే చిక్కులు కొన్ని కింద రాశాను. దాదాపు అన్నిటికీ మందు ఒకటే: తెలుగులో అయితే ఏ క్రియ వాడేవాళ్లమో ముందు చూసుకోవడం, ఆ తర్వాతే ఇంగ్లీషు మాట వెతుక్కోవడం.

సమస్య: “నైస్ టు మీట్ యు” అంటే అవతలి మనిషి ముఖం అదోలా పెట్టారు

కారణం: ఆ మాట ‘పరిచయం’ కోసమే ఉంది. పోయిన ఏడాది పరిచయమైన మనిషితో మళ్లీ అదే అంటే, “నేను మీకు గుర్తే లేనన్నమాట” అనుకుంటారు.

పరిష్కారం: మొదటిసారి మాత్రమే “నైస్ టు మీట్ యు”. రెండోసారి నుంచి “గుడ్ టు సీ యు”, లేదా చివర “అగైన్” కలపండి. మొదటి పరిచయం ముగిసి సెలవు తీసుకునేటప్పుడు “నైస్ మీటింగ్ యు” అంటారు. ఇంతకుముందు కలిశామో లేదో గుర్తురాక టెన్షన్ పడుతుంటే “గుడ్ టు సీ యు” అనేయండి, ఎటుచూసినా ఇబ్బంది ఉండదు. రోజూ వీడియో కాల్‌లో చూసే మేనేజర్ మొదటిసారి హైదరాబాద్ ఆఫీసుకు వస్తే? పరిచయం పాతదే, ఎదురుగా చూడటం కొత్త. అక్కడ “నైస్ టు ఫైనల్లీ మీట్ యు ఇన్ పర్సన్” చక్కగా అతుకుతుంది.

వెళ్లేటప్పుడు “మీట్ యు టుమారో” అనే అలవాటుంటే దాన్నీ “సీ యు టుమారో”గా మార్చుకోండి.

సమస్య: పదేళ్ల స్నేహితుడి గురించి చెబితే “మనిషి ఎలా ఉన్నాడు, నచ్చాడా?” అని అడిగారు

సోమవారం పొద్దున కాల్. అందరూ చేరేదాకా పిచ్చాపాటీ. మీరు “ఐ మెట్ సురేశ్ ఎస్టర్‌డే” అన్నారు. అవతల అమెరికా అమ్మాయి ఉత్సాహంగా “ఓ, వాట్ డిడ్ యు థింక్ ఆఫ్ హిమ్?” అంది. మీకేమో సురేశ్ ఇంజినీరింగ్ రూమ్మేట్.

కారణం: సందర్భం ఏమీ చెప్పకుండా ‘ఐ మెట్’ అని ఆపేస్తే, చాలామంది ఇంగ్లీషువాళ్లకు వినిపించేది “నిన్ననే పరిచయమయ్యాడు” అని.

పరిష్కారం: ఎలా కలిశారన్నదాన్ని బట్టి మాట మార్చండి. అనుకోకుండా మెట్రోలో తారసపడితే “ఐ రాన్ ఇన్‌టు సురేశ్” లేదా “బంప్డ్ ఇన్‌టు”. ఊరికే కనిపించాడంటే “ఐ సా సురేశ్”. ముందే అనుకుని కలిస్తే, ఎందుకు కలిశారో పక్కన చేర్చండి: “ఐ మెట్ సురేశ్ ఫర్ కాఫీ”, “వి మెట్ అప్ ఫర్ లంచ్”. నలుగురైదుగురు కలిస్తే “వి గాట్ టుగెదర్”. చాలారోజుల తర్వాత కలిసి కబుర్లు చెప్పుకుంటే “వి కాట్ అప్”.

ఒక జాగ్రత్త. ‘రాన్ ఇన్‌టు’ అనబోయి ‘రాన్ ఓవర్’ అనకండి. సురేశ్ మీదుగా కారు పోనిచ్చానని చెప్పినట్టవుతుంది.

ఇదే లెక్కన “హావ్ యు మెట్ మై వైఫ్?” అంటే పరిచయం చేయబోతున్నారని అర్థం. ఇంతకుముందే పరిచయం ఉంటే “యెస్, వి హావ్ మెట్” అనండి. పెద్దవాళ్ల విషయంలోనూ అంతే: “వెంట్ టు మీట్ మై గ్రాండ్‌మదర్” అంటే అమ్మమ్మతో అపాయింట్‌మెంట్ తీసుకున్నట్టుంటుంది. ‘చూసొచ్చాను’ అనేది మనకు ఎలాగూ ఉంది, ఇంగ్లీషులోనూ ‘వెంట్ టు సీ’ సరిగ్గా అదే పని చేస్తుంది.

సమస్య: “హౌ డిడ్ యు టూ మీట్?” అని అడిగితే దంపతులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు

కొత్తగా వెళ్లిన జంటను పక్కింటివాళ్లు పిలిస్తే పది నిమిషాల్లో ఈ ప్రశ్న వస్తుంది. వాళ్లలో అది మర్యాద ప్రశ్న, ఆరా తీయడం కాదు. మొదట ఎక్కడ పరిచయమయ్యారు, ఎలా దగ్గరయ్యారు అన్న కథ వినాలని అడుగుతారు. మనలో చాలామందికి ఆ కథ పెళ్లిచూపుల దగ్గర మొదలవుతుంది. దాన్ని ఒక్క మాటలో చెప్పలేక “ఇట్ ఈజ్ అరేంజ్డ్” అని ముగించేస్తారు. అవతలివాళ్లకు ఇంకేం అడగాలో తోచదు.

పరిష్కారం: “అవర్ ఫ్యామిలీస్ ఇంట్రడ్యూస్డ్ అస్” అని మొదలుపెట్టండి. మ్యాట్రిమోనీ సైటులో ప్రొఫైల్ చూసుకుంటే “వి మెట్ ఆన్‌లైన్” అన్నా అబద్ధం కాదు, మీ అత్తగారు ఒప్పుకోకపోవచ్చు గానీ. ఆ తర్వాత ఒక చిన్న ముచ్చట చెప్పండి, కాఫీ ట్రే ఎవరు తెచ్చారో, మొదట ఎవరు మాట్లాడారో. వాళ్లకు కావాల్సింది అదే.

కబుర్లలో ఇంత తేలికగా తిరిగే ఈ ‘మెట్’ ఒక చోట మాత్రం చట్టం మాటగా మారుతుంది. అమెరికా పౌరులు పెళ్లికి ముందే కాబోయే భర్తనో భార్యనో రప్పించుకోవడానికి ఐ-129ఎఫ్ ఫారం వేస్తారు. దాని మీద వచ్చేది కె-1 వీసా. ఫారం వేసే నాటికి వెనక్కి 2 ఏళ్లలోపు ఇద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలిసి ఉండాలన్నది నిబంధన. దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో తెచ్చిన చట్టంతో ఇది వచ్చింది. రాత్రంతా వీడియో కాల్‌లో మాట్లాడుకున్నా అక్కడ అది ‘కలవడం’ కింద రాదు. పెళ్లికి ముందు కలవడం తరతరాల కఠిన ఆచారానికి విరుద్ధమైతే, లేదా పౌరుడికి తీవ్రమైన కష్టం కలిగిస్తే మినహాయింపు అడగొచ్చు, కానీ రుజువులు చూపాలి. కాబట్టి ఫారంలో “వి మెట్ ఇన్ 2023” అని రాసేముందు అది సంబంధం కుదిరిన సంవత్సరమా, మనుషులు ఎదురుపడిన సంవత్సరమా అని సరిచూసుకోండి. టికెట్లు, ఫొటోలు దాచిపెట్టుకోండి.

సమస్య: ‘మీట్’ పక్కన ‘విత్’ పెట్టాలా, ‘టు’ పెట్టాలా?

‘టు’ ఎప్పుడూ వద్దు. “ఐ మెట్ టు హిమ్” ఎక్కడా చెల్లదు. ‘విత్’ సంగతి వేరు. తెలుగు పేపరు ‘భేటీ’ అని రాసేచోట అమెరికన్లు ‘మెట్ విత్’ అంటారు: క్లయింటుతో, లాయరుతో, స్కూలు ప్రిన్సిపాల్‌తో కూర్చుని విషయం మాట్లాడితే. బ్రిటన్‌లో పాతకాలంవాళ్లు ఆ ‘విత్’ను అమెరికా వాసనగా చూస్తారు, ఉత్త ‘మెట్’ చాలంటారు. స్నేహితుడితో టీ తాగడానికి ‘మెట్ విత్’ వాడితే మరీ ఫైళ్లు పట్టుకెళ్లినట్టుంటుంది. అక్కడ ‘మెట్ అప్ విత్’ వాడుకోండి.

“మెట్ విత్ యాన్ యాక్సిడెంట్” మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, పత్రికలూ రాస్తాయి. బయటి దేశాల్లో “వాజ్ ఇన్ యాన్ యాక్సిడెంట్” అంటేనే సహజంగా ఉంటుంది. ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు ఇది పనికొస్తుంది.

సమస్య: ‘మీట్’ మానేసి వేరే మాట వాడితే అందరూ నవ్వారు

అతిజాగ్రత్త తెచ్చే చిక్కులివి. “ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ ఎట్ ఫోర్” అంటే ఫరవాలేదు, టైమ్ చెప్పారు కాబట్టి డాక్టరుకు చూపించుకుంటున్నారని తెలిసిపోతుంది. “ఐ యామ్ సీయింగ్ సమ్‌వన్” అంటే మాత్రం ప్రేమలో ఉన్నానని. ‘హుక్ అప్’ జోలికి అసలు పోకండి. కేబుల్ కలపడానికైతే సరే, మనుషుల విషయంలో అమెరికా కుర్రకారుకు దానర్థం పడకగది దాకా వెళ్తుంది.

ఇక ‘ఎన్‌కౌంటర్’. తెలుగు పేపరు చదివేవాళ్లకు అది పోలీసు కాల్పులు. ఇంగ్లీషులో అంత దూరం పోదు, అనుకోకుండా ఎదురవడం. అయితే ఆ ఎదురవడంలో ఎక్కువసార్లు ఇబ్బందో ప్రమాదమో ఉంటుంది. “ఐ ఎన్‌కౌంటర్డ్ మై మేనేజర్ ఇన్ ద లిఫ్ట్” అంటే మేనేజర్ ఏదో చిరుతపులి అన్నట్టుంటుంది. ‘బంప్డ్ ఇన్‌టు’ అనండి. నిజంగానే అలాంటి మేనేజర్ అయితే మీ ఇష్టం.