కడప, కర్నూలు, అనంతపురం నుంచి ఇటలీకి: విద్యార్థుల చారిత్రక యాత్రకు ఏర్పాట్లు

‘పది రోజుల్లో ఏడు దేశాలు’ అంటూ వచ్చే బ్రోచర్లను ముందుగా పక్కన పెట్టండి. ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చూపించాలనుకుంటే ఒక్క దేశం, మూడు ఊర్లు చాలు. ఏడు దేశాల టూర్‌లో పిల్లలు ఎక్కువగా చూసేది బస్సు కిటికీ. ఈ వ్యాసంలో ఇటలీని ఉదాహరణగా తీసుకున్నాం. రోమ్, నేపుల్స్, ఫ్లారెన్స్ మూడూ రైలు మార్గంలో వరసగా కలుస్తాయి. రోమ్ నుంచి నేపుల్స్‌కు వేగంగా వెళ్లే రైల్లో గంటా పది నిమిషాలు, ఫ్లారెన్స్‌కు గంటన్నర పడుతుంది.

బస్సు గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి. మన దగ్గర టూర్ బస్సు డ్రైవరు రాత్రంతా నడిపి, తెల్లారేసరికి ఊళ్లో దించేస్తాడు. యూరప్‌లో ఇది కుదరదు. డ్రైవరు రోజుకు 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా నడపవచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి. డ్యూటీ దిగాక మామూలుగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. రాత్రి భోజనాలయ్యేసరికి పది దాటితే, అదే డ్రైవరు మర్నాడు తొమ్మిది లోపు బండి తీయడు. ఎంత బతిమాలినా ప్రయోజనం లేదు. బస్సులోని పరికరం అంతా నమోదు చేస్తుంది, పట్టుబడితే జరిమానా పడుతుంది. అందుకే ఊరి నుంచి ఊరికి రైలు, ఊళ్లో మెట్రో, నడక పెట్టుకోవడం మంచిది. బస్సును విమానాశ్రయం రాకపోకలకే మాట్లాడుకోండి.

వారాలు చూసి ప్లాన్ వేయాలి

ఎండాకాలం సెలవుల్లో వీసా అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, అక్కడ ఎండలు కూడా ఎక్కువే. సంక్రాంతికి చలి, పైగా సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. దసరా సెలవులు బాగా కుదురుతాయి. అయితే ఏ రోజు ఏది మూసి ఉంటుందో చూడకుండా టికెట్లు కొంటే యాత్ర సగం పాడవుతుంది. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు. నెలలో చివరి ఆదివారం తెరుస్తారు గానీ ప్రవేశం ఉచితం కాబట్టి జనం విరగబడతారు. నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి మంగళవారం సెలవు. ఫ్లారెన్స్‌లో ఉఫీజీ చిత్రశాల, డేవిడ్ శిల్పం ఉన్న అకాడెమియా మ్యూజియం రెండూ సోమవారం మూతే.

ఈ మూడింటినీ తప్పించుకునే వరస ఇది. సోమవారం ఇక్కడ బయలుదేరి మంగళవారం రోమ్‌లో దిగాలి. ఆ రోజు విశ్రాంతి, సాయంత్రం కాస్త నడక. బుధవారం రోమన్ల నాటి క్రీడా ప్రాంగణం కలోసియం, పాత నగర కేంద్రం ఫోరం. గురువారం వాటికన్. శుక్రవారం రోమన్ల నాటి గుడి పాంథియాన్, దాని చుట్టుపక్కల వీధులు. శనివారం పొద్దున రైల్లో నేపుల్స్ చేరి మధ్యాహ్నం మ్యూజియం. ఆదివారం అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత నగరం పాంపేయి. సోమవారం ఫ్లారెన్స్‌కు ప్రయాణం, సాయంత్రం కెథెడ్రల్ పరిసరాలు. మంగళవారం ఉఫీజీ, డేవిడ్. బుధవారం రోమ్‌కు వచ్చి విమానం. మొత్తం ఎనిమిది రాత్రులు. ఆ ఆదివారం నెలలో మొదటి ఆదివారం కాకుండా చూసుకోండి. ఆ రోజు ప్రభుత్వ కట్టడాలన్నిటికీ ప్రవేశం ఉచితం కాబట్టి పాంపేయిలో కాలు పెట్టే సందు ఉండదు.

వాటికన్‌ను బుధవారం పెట్టకండి. ఆ పొద్దున పోప్ సభ ఉంటే సెయింట్ పీటర్స్ చర్చిలోకి మధ్యాహ్నం దాకా వదలరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే ఏ రోజూ వదలరు.

పాస్‌పోర్టు: పేరు దగ్గరే చిక్కంతా

దసరాకు వెళ్లాలంటే జనవరిలోనే పాస్‌పోర్టు పని మొదలుపెట్టాలి. ఫీజు పెద్దవాళ్లకు 1,500 రూపాయలు, 18 ఏళ్ల లోపు వాళ్లకు 1,000. ఇక్కడో మెలిక ఉంది. 18 లోపు వాళ్లకు మామూలుగా ఇచ్చే పాస్‌పోర్టు ఐదేళ్లకో, 18 నిండే నాటికో, ఏది ముందైతే దానికి ముగుస్తుంది. యూరప్ వదిలాక ఇంకా మూడు నెలల గడువు మిగిలి ఉండాలి కాబట్టి, ఆగస్టులో పాస్‌పోర్టు తీసుకుని డిసెంబరులో 18 నిండే అబ్బాయికి ఆ పుస్తకం పనికిరాదు. 15 దాటిన వాళ్లు 1,500 కట్టి పదేళ్ల పాస్‌పోర్టు కోరవచ్చు. అదే తీసుకోమనండి.

అసలు తలనొప్పి ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ‘ఎం. వెంకట సాయి కుమార్ రెడ్డి’ అని, ఆధార్‌లో ‘వెంకటసాయి’ అని, పాన్‌లో ఇంకోలా ఉండటం మన దగ్గర ఇంటింటి సంగతి. పాస్‌పోర్టులో ఇనిషియల్స్ ఉండకూడదు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. దరఖాస్తుకు ముందే ఆధార్‌ను టెన్త్ సర్టిఫికెట్‌కు సరిపోయేలా మార్పించండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలడం కూడా ప్రమాదమే. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో కొన్ని దేశాల్లో, ముఖ్యంగా ఎమిరేట్స్‌లో, ఇబ్బంది వస్తుంది. మన విమానాలు చాలావరకు గల్ఫ్ మీదుగానే వెళ్తాయి.

విమానం టికెట్ కొనేటప్పుడు పేరును కాలేజీ రిజిస్టరు నుంచి రాయకండి. పాస్‌పోర్టు ఫొటో పేజీలో అడుగున రెండు వరసలుంటాయి. పై వరసలో దేశం గుర్తు తర్వాత ఇంటిపేరు, బాణం గుర్తులు రెండు, ఆ తర్వాత అసలు పేరు ఉంటుంది. టికెట్ మీద పేరు ఆ వరసలో ఉన్నట్టే పడాలి. ‘రెడ్డి’ పేరు చివర ఉంది కదా అని ఏజెంటు దాన్ని ఇంటిపేరు గడిలో వేస్తాడు. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆ పిల్లవాడు ఆగిపోతాడు. గ్రూప్ బుకింగ్‌లో పేర్లను కొన్ని రోజుల గడువుతో ఇవ్వవచ్చు. కానీ టికెట్ జారీ అయ్యాక మార్చాలంటే ఖర్చు, కొన్నిసార్లు మార్చనే మార్చరు. ఇద్దరు టీచర్లు కూర్చుని, ఒకరు పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం చదువుతుంటే, రెండోవాళ్లు జాబితాలో సరిచూడాలి.

హాస్టల్లో ఉండే పిల్లలకు ఇంకో జాగ్రత్త. పోలీసు విచారణకు వచ్చినప్పుడు దరఖాస్తులో రాసిన చిరునామాలో మనిషి కనబడకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. ఆ వారం ఊళ్లో ఉండేలా ముందే సెలవు ఇప్పించండి.

వీసా కాగితాలు

ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, ఒక్కోసారి 45 రోజులు పడుతుంది. దసరా యాత్రకు జూన్, జూలై నెలల్లో అపాయింట్‌మెంట్ పడితే ఊపిరి పీల్చుకోవచ్చు. ఒకటి కంటే ఎక్కువ దేశాలు చూస్తే ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో అక్కడికే దరఖాస్తు. వేలిముద్రలు ఇవ్వడానికి అందరూ స్వయంగా వెళ్లాలి. అక్కడికి బస్సు మాట్లాడే ముందు ఆంధ్ర చిరునామా వాళ్ల దరఖాస్తులు ఏ ఊళ్లోని వీసా దరఖాస్తు కేంద్రం తీసుకుంటుందో ఖాయం చేసుకోండి.

పెద్దల వీసా ఫీజు 90 యూరోలు. కానీ చదువు, విద్యా శిక్షణ కోసం వెళ్లే విద్యార్థులకు, వాళ్లతో వెళ్లే టీచర్లకు ఆ ఫీజు మాఫీ అని షెంగెన్ నిబంధనల్లోనే ఉంది. చాలామందికి ఇది తెలియదు, అడగరు. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఏ సబ్జెక్టులో భాగంగా వెళ్తున్నారో, ఏ రోజు ఏ కట్టడం చూస్తారో, ఏ టీచర్లు వస్తున్నారో స్పష్టంగా రాసివ్వండి. ‘విహారయాత్ర’ అని రాస్తే మాఫీ ఆశ వదులుకోవాల్సిందే. దరఖాస్తు కేంద్రం తీసుకునే సర్వీసు ఛార్జీ మాత్రం ఎలాగూ కట్టాలి.

30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా, తల్లిదండ్రుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు. అనంతపురం జిల్లాలో చాలామంది తల్లిదండ్రులు రైతులు, రిటర్నులు ఉండవు. వాళ్లు పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్, పంట అమ్మిన రసీదులు పెట్టి, తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదని, అందుకే రిటర్ను లేదని ఒక పేజీ ఉత్తరం రాయించండి. దరఖాస్తుకు వారం ముందు చుట్టాల దగ్గర తెచ్చి ఖాతాలో వేసిన మూడు లక్షలు మేలు కంటే కీడే చేస్తాయి. నెలనెలా వచ్చిపోయే డబ్బే నమ్మకం కలిగిస్తుంది.

18 ఏళ్ల లోపు పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలు, నోటరీ చేసిన సమ్మతి పత్రం కావాలి. రాయచోటి, రాజంపేట వైపు పిల్లల్లో ఎంతోమంది నాన్నలు కువైట్‌లో ఉంటారు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించి, అసలు కాగితం ఇక్కడికి రావడానికి వారాలు పడుతుంది. ఆ పిల్లల జాబితా మొదటి మీటింగ్‌లోనే తయారుచేసుకోండి.

డబ్బు, గదులు

ఇటలీ హోటళ్లలో ముగ్గురుండే గదులు తేలిగ్గా దొరుకుతాయి. అందుకని అబ్బాయిల సంఖ్య, అమ్మాయిల సంఖ్య వేర్వేరుగా మూడుతో భాగమయ్యేలా చూడండి. 24 మంది విద్యార్థులు, ముగ్గురు టీచర్లు మంచి లెక్క. ఒక్కో టీచరుకు ఎనిమిది మంది. అమ్మాయిలుంటే ముగ్గురిలో కనీసం ఒకరు, కుదిరితే ఇద్దరు మహిళా టీచర్లు ఉండి తీరాలి.

ఒక్కొక్కరి ఖర్చు లెక్కగట్టేటప్పుడు యూరో ధరను ఆ రోజు కంటే 5 శాతం ఎక్కువ వేసుకోండి. టీచర్ల ఖర్చు విద్యార్థుల మీద పడుతుందా, కాలేజీ భరిస్తుందా అన్నది ముందే చెప్పేయండి. బస చేసే పర్యాటకుల మీద అక్కడి నగరాలు వేసే పన్నును హోటల్లో విడిగా కట్టించుకుంటారు. ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేవాళ్లే కొనేవాళ్ల దగ్గర తీసుకుని ప్రభుత్వానికి జమచేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. ఆ రేటు బడ్జెట్లలో మారుతుంటుంది, కొటేషన్‌లో విడిగా చూపించమనండి. తల్లిదండ్రులు తమ పాన్‌తో, తమ ఖాతా నుంచి నేరుగా కడితే ఆ మొత్తం వాళ్ల పన్ను ఖాతాలోకి చేరుతుంది. కాలేజీ అందరి తరఫునా కడితే కాలేజీ పేరు మీద పడుతుంది. వీసా రాకపోతే ఎంత వెనక్కి వస్తుందో, ఎన్ని రోజుల్లో వస్తుందో రాతపూర్వకంగా తీసుకోకుండా మొదటి వాయిదా కట్టకండి.

అక్కడ కార్డు గీకినప్పుడు మిషన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడుగుతుంది. ఎప్పుడూ యూరోలే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం ధర వాళ్లిష్టం.

టికెట్లు, గండికోటలో ఒక రోజు

కలోసియం, పాంపేయి టికెట్ల మీద పేర్లుంటాయి, గేటు దగ్గర పాస్‌పోర్టు చూస్తారు. పాంపేయిలో రోజుకు 20,000 మందినే వదులుతారు. కలోసియం టికెట్లు సుమారు 30 రోజుల ముందు అధికారిక వెబ్‌సైట్‌లో తెరుచుకుని త్వరగా అయిపోతాయి. ఆ రోజును క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. 18 ఏళ్ల లోపు వాళ్లకు ప్రభుత్వ కట్టడాల్లో ఏ దేశం వాళ్లకైనా ప్రవేశం ఉచితమే, కానీ వాళ్లకూ టికెట్ తీయాల్సిందే. వాటికన్‌కు ఈ సౌకర్యం వర్తించదు.

యాత్రకు రెండు నెలల ముందు పిల్లలను గండికోటకో, లేపాక్షికో ఒక రోజు తీసుకెళ్లండి. ఆరు గంటల నడక, మధ్యలో పొట్లాల భోజనం. ఒక్కో విద్యార్థి ఒక్కో కట్టడం ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి. కొత్త బూట్లు ఎవరివి కరుస్తున్నాయో, ఎవరు వెనకబడుతున్నారో ఆ రోజే తేలిపోతుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు 16వ శతాబ్దానివి, సిస్టీన్ చాపెల్ పైకప్పును మైకెలాంజెలో వేసింది 1508 నుంచి 1512 దాకా. మెడ వెనక్కి వంచి రెంటినీ చూసిన పిల్లలకు పాఠం వేరే చెప్పక్కర్లేదు.

నేపుల్స్ మ్యూజియంలో మన వాళ్లు తప్పక చూడాల్సింది ఒక దంతపు బొమ్మ. జానెడు కంటే కాస్త పొడుగు, ఒంటినిండా నగలు, ఇరుపక్కలా చిన్న పరిచారికలు. మన దేశంలో చెక్కిన ఈ బొమ్మ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పాంపేయిలో పూడిపోయి 1938లో బయటపడింది. సీక్రెట్ క్యాబినెట్ అనే విడి గదిలో ఉంటుంది, ఆ గది తెరిచే వేళలు ముందే కనుక్కోండి. పాంపేయిలో నీడ తక్కువ, బండ్ల చక్రాలకు గాడి పడిన రాళ్ల మీద నడవాలి. టోపీ, గట్టి అడుగున్న బూట్లు లేనివాళ్లను ఆ రోజు హోటల్ దాటనివ్వకండి.

సూట్‌కేసులో ఏముండాలి

పాలు, మాంసంతో చేసినవేవీ యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, నేతి మిఠాయిలు ఇంట్లోనే. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. బొరుగులు, చెనిక్కాయల పొడి, నూనె పచ్చడి పెద్ద సూట్‌కేసులో గట్టిగా మూసి పెట్టుకోవచ్చు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే. గదిలో కుక్కర్ పెట్టి అన్నం వండితే ఫైర్ అలారం మోగుతుంది, జరిమానా పడుతుంది. రోమ్‌లో టెర్మినీ స్టేషన్ దగ్గరి ఎస్క్విలీనో పేటలో మన వంటకాలు, హలాల్ భోజనం దొరుకుతాయి. రాత్రి భోజనాలు అక్కడ ముందే మాట్లాడుకోండి.

విమానాశ్రయానికి నాలుగు గంటల ముందు చేరాలి. అనంతపురం నుంచి బెంగళూరుకు, కర్నూలు నుంచి శంషాబాద్‌కు 44వ నంబరు హైవే. మామూలు ప్రయాణ సమయానికి ఇంకో మూడు గంటలు కలుపుకుని బయలుదేరండి. రోమ్‌లో దిగాక వేలిముద్రలు సరిచూసి, ఫొటో తీసే కొత్త పద్ధతి వచ్చింది, క్యూ పొడవుగా ఉంటుంది. దిగిన రోజు ఏ టికెట్టూ పెట్టుకోవద్దన్నది అందుకే.

ప్రతి విద్యార్థికీ ఒక నంబరు ఇచ్చి, మెట్రో ఎక్కేముందు, దిగాక వరసగా పలికించండి. తప్పిపోతే ఎక్కడున్నవాళ్లు అక్కడే నిలబడాలి. రైల్లో ఒంటరిగా ఉండిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే ఉండాలి, టీచరే వస్తారు. అత్యవసర నంబరు 112. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు కాగితం, తర్వాత రోమ్‌లోని భారత రాయబార కార్యాలయంలో ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. అందుకు ప్రతి ఒక్కరివీ రెండు ఫొటోలు, పాస్‌పోర్టు నకలు టీచరు సంచిలో ఉండాలి.

తిరిగొచ్చిన రెండు వారాల్లో లెక్కలు తల్లిదండ్రులకు చూపించి, మిగిలింది వాళ్ల ఖాతాల్లో వేయండి. టీసీఎస్ కట్టిన వాళ్లను ఆ మొత్తం ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లోని తమ ఖాతాలో కనబడుతోందో లేదో అప్పుడే చూసుకోమనండి. కనబడకపోతే ఏజెంటును వెంటనే అడగాలి. రిటర్నులు వేసే అలవాటు లేని రైతు కుటుంబాలు కూడా ఆ ఏడాదికి రిటర్ను వేస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.