చలికాలపు మిద్దె తోట: విత్తే ముందు నీడను కొలవండి

హైదరాబాద్‌లో చలికాలపు కూరగాయలకు దొరికే అసలైన చల్లని రోజులు నవంబరు మధ్య నుంచి జనవరి చివరి వరకు, అంటే సుమారు పది వారాలే. ఫిబ్రవరి సగం దాటేసరికి ఎండ ముదిరి కొత్తిమీర పూతకు వస్తుంది, క్యాలీఫ్లవర్ గడ్డ బిగువు కోల్పోయి విచ్చుకుపోతుంది. అందువల్ల ఏ మొక్క పెట్టాలన్న ఆలోచన నర్సరీకి వెళ్లిన రోజున కాక, వానలు ఇంకా పడుతుండగానే, ఆగస్టు చివరిలో మొదలు కావాలి.

అన్నిటికంటే ముందు కొలవవలసింది నీడను. జూన్‌లో నడినెత్తిన ఉండే సూర్యుడు డిసెంబరు మూడో వారానికి దక్షిణానికి వాలి, మధ్యాహ్నం కూడా మన నగరంలో సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కనుక దక్షిణపు పిట్టగోడ 4 అడుగులుంటే ఆ వేళకు దాని నీడ మిద్దె మీదికి మూడున్నర అడుగుల మేర పరుచుకుంటుంది. 10 అడుగుల ఎత్తున్న నీళ్ల ట్యాంకు నీడ ఉత్తరం వైపు తొమ్మిది అడుగుల దగ్గరికి వస్తుంది. వానాకాలంలో ఎండ తగిలిన చోట చలికాలంలోనూ తగులుతుందని నమ్మి, నేను ఒక ఏడాది టమాట కుండీలన్నీ దక్షిణపు గోడ వెంట వరుసగా పెట్టాను. మొక్కలు సన్నగా సాగాయే తప్ప, సంక్రాంతికి పప్పులోకి సరిపడా కాయలు కూడా రాలేదు. ఇప్పుడు రోజుకు ఆరు గంటల ఎండ ఖాయమైన చోటును టమాట, వంగ, మిరప, క్యాలీఫ్లవర్‌లకు కేటాయించి, మూడు నాలుగు గంటలే ఎండ వచ్చే చోట పాలకూర, కొత్తిమీర, పుదీనా పెడుతున్నాను.

నీడ తేలాక రోజులను వెనక్కి లెక్కపెట్టాలి. టమాట నారు ఎదగడానికి 25 నుంచి 30 రోజులు, నాటిన తరువాత మొదటి కాయ పండడానికి మరో రెండు నెలలు పడతాయి. డిసెంబరు మొదట్లో కాయ కోయాలంటే ఉత్తర కార్తెకు ముందే, సెప్టెంబరు మొదటి వారంలో నారు పోయాలి. క్యాలీఫ్లవర్, క్యాబేజీ నారుకు సెప్టెంబరు రెండో పక్షం సరిపోతుంది. వాన దెబ్బకు నారు కుళ్లకుండా ట్రేలను రేకు కిందనో బాల్కనీ అంచుననో ఉంచాలి. ముల్లంగి, క్యారెట్ మాత్రం నారు పోసి నాటితే వేరు చీలి వంకరపోతుంది కాబట్టి, అడుగు లోతున్న కుండీలో నేరుగా విత్తాలి.

పాదు చిక్కుడు విషయంలో చాలామంది ఆలస్యం చేస్తారు. పగలు కురచబడినప్పుడే పూసే పాత రకాలను జులై, ఆగస్టుల్లో విత్తితే తీగ పందిరంతా అల్లుకున్నాక పూత మొదలై, కాపు నిండుగా వస్తుంది. అక్టోబరులో విత్తితే తీగ ఎదగకముందే పూత వస్తుంది, కాపు పలచబడుతుంది. మనం పుంటికూర అనే గోంగూరకు కూడా పగటి పొడవే కీలకం: చలికాలంలో అది ఆకు పెంచడం మాని పూతకు తొందరపడుతుంది, కనుక దాని చోటును చుక్కకూరకో మెంతికూరకో ఇవ్వడం మేలు.

ఆకుకూరలను ఒకేసారి విత్తవద్దు. మెంతికూర 25 రోజులకే కోతకు వస్తుంది, పాలకూర నెల దాటాక మూడు నాలుగు కోతలిస్తుంది, కొత్తిమీరకు నలభై రోజులు కావాలి. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి, పదిహేను రోజులకొక కుండీ చొప్పున విత్తితే ఏ వారమూ కూరకు లోటుండదు. బఠాణీ మీద ఆశ పెట్టుకోవద్దన్నది నా అభిప్రాయం: పది మొక్కల కాపు ఒక పూట పులావుకు కూడా చాలదు.

టమాట, వంగ, మిరప ఒకే కుటుంబానికి చెందినవి. వానాకాలంలో వంగ పెట్టిన మట్టిలో మళ్లీ టమాట పెడితే మట్టిలోని తెగుళ్లు కొత్త మొక్కకు అంటుకుంటాయి. ఆ కుండీని ఆకుకూరకు మార్చండి. పాత మట్టిని వానలు తెరిపిచ్చిన రోజుల్లో ఎండబెట్టి, మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే సరిపోతుంది. ఘనపుటడుగు తడిమట్టి సుమారు 50 కిలోలు తూగుతుంది గనుక, పెద్ద కుండీలను స్లాబు మధ్యలో కాక బీముల పైన వచ్చేలా అమర్చండి. పాత ఇల్లయితే ఇంజనీరుకు చూపించిన తరువాతే మట్టి పైకి ఎక్కించండి.